డీజిల్ వ్యాను గొంతులో కాటుక

సావనీరుకు ఏదైనా రాసివ్వమని సెక్రటరీ గారు అడిగినప్పుడల్లా మేము పిల్లల పరీక్షల గురించో, చదివే అలవాటు గురించో రాసి ఇస్తూ వచ్చాం. ఈసారి వ్యాను గురించి రాస్తున్నాం. గత ఫిబ్రవరిలో మన స్కూలు వ్యాను పది రోజులు ఆటోనగర్ షెడ్డులో ఉండిపోయింది. పిల్లలు ఆటోల్లో కిక్కిరిసి వచ్చారు. ఏమైందని తల్లిదండ్రులు అడిగితే "ఇంజను పని" అని చెప్పి ఊరుకున్నాం. ఆ రెండు మాటల వెనక ఒక సైన్సు పాఠం ఉంది, కమిటీలో నడిచిన ఒక వాదన ఉంది, మా చేతులారా చేసిన పొరపాట్లూ ఉన్నాయి. అవన్నీ విడమరచి చెప్పడం మా బాధ్యత అనుకున్నాం. పైగా ఈ పుస్తకం అందుకునే ఇళ్లలో డీజిల్ వ్యాన్లు, ట్రాలీలు నడిపి బతికే కుటుంబాలు చాలానే ఉన్నాయి. వారికి నాలుగు డబ్బులు మిగిలినా మిగలొచ్చు.

ముందు రోగ లక్షణాలు చెబుతాం. వ్యాను 2018లో కొన్నది, బీఎస్-4 రకం. పొద్దున్నే వించిపేట, పంజా సెంటర్, కొత్తపేట సందుల్లో ఆగుతూ ఆగుతూ పిల్లల్ని ఎక్కించుకొని భవానీపురం వస్తుంది. మొత్తం ఆరేడు కిలోమీటర్లు, పద్నాలుగు స్టాపులు, ముప్పావు గంట. నిరుడు దసరా నుంచే బండి బరువెక్కిందని డ్రైవర్ భాయ్ అంటున్నాడు. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరులో లాగాల్సింది రెండో గేరుకు దిగుతోంది. ఆక్సిలరేటర్ తొక్కగానే వెనక నల్లటి పొగ. లీటరుకు పదకొండు కిలోమీటర్లు ఇచ్చేది ఎనిమిదిన్నరకు పడింది. సంక్రాంతి సెలవులయ్యాక డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ దీపం వెలిగి ఇక ఆరలేదు.

మేము మొదట డీజిల్ కల్తీ అనుకున్నాం. బంకు మార్చాం. డీజిల్ ఫిల్టరు మార్చాం. గాలి ఫిల్టరు మార్చాం. ఏమీ తేడా రాలేదు. చివరికి ఆటోనగర్‌లో స్కానర్ ఉన్న ఒక షెడ్డుకు తీసుకెళ్తే, కంప్యూటరు చూపించిన కోడు పీ-0401. ఈ కోడు అన్ని కంపెనీల బండ్లకూ ఒకటే. ఈజీఆర్ దారిలో రావలసినంత పొగ రావడం లేదని దాని అర్థం.

పొగ రావలసినంత రావడం లేదా! పొగ బయటికి పోవాలి గాని లోపలికి రావడమేమిటని మాకూ అనుమానం వచ్చింది. సైన్సు చెప్పే మాకే తెలియకపోతే ఎలా అని ఆ రాత్రి పుస్తకాలు తిరగేశాం. పాఠం అక్కడ మొదలైంది.

మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నా కలవవు. నైట్రోజన్ అణువులో రెండు పరమాణువులు ఒకదాన్నొకటి మూడు బంధాలతో గట్టిగా పట్టుకొని ఉంటాయి. ఆ పట్టు విడిపించాలంటే విపరీతమైన వేడి కావాలి. ఆకాశంలో మెరుపు మెరిసినప్పుడు ఆ వేడి పుడుతుందని, అప్పుడు నైట్రోజన్ ఆక్సైడులు ఏర్పడి వానతో నేలకు దిగుతాయని మన పిల్లలు ఎనిమిదో తరగతిలో చదువుతారు. డీజిల్ ఇంజను సిలిండరు లోపల కూడా చిన్న మెరుపులాంటి వేడే. పెట్రోలు ఇంజనులా దీనికి నిప్పురవ్వ అక్కర్లేదు. గాలిని ఒక్కదాన్నే పీల్చి పదహారు, పదిహేడో వంతుకు నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకే గాలి 500 డిగ్రీలు దాటి కాగుతుంది. అందులోకి డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్మితే దానంతట అదే మండుతుంది. మంట అంచున వేడి 2000 డిగ్రీలు కూడా దాటుతుంది. సుమారు 1500 డిగ్రీలు దాటితే చాలు, నైట్రోజన్, ఆక్సిజన్ చకచకా కలవడం మొదలవుతుంది. ఈ కలయిక ఎలా జరుగుతుందో సోవియట్ శాస్త్రవేత్త యాకోవ్ జెల్దోవిచ్ 1940ల్లో వివరించాడు. వేడి కొద్దిగా పెరిగితే ఈ వాయువు కొద్దిగా కాదు, అనేక రెట్లు పెరుగుతుంది. పాఠంలో గుర్తుంచుకోవలసిన ముక్క ఇదే. పిల్లలకైతే కింద గీత గీసుకోమని చెబుతాం.

ఇలా పుట్టే నైట్రిక్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ రెంటినీ కలిపి నాక్స్ అంటారు. నైట్రోజన్ డయాక్సైడ్ ఊపిరి గొట్టాలను మండిస్తుంది, ఉబ్బసం ఉన్న పిల్లల్ని ఎక్కువగా బాధిస్తుంది. ఎండలో ఇతర వాయువులతో కలిసి నేలమట్టాన ఓజోన్ తయారు చేస్తుంది. ఆమ్ల వర్షానికి, సన్నని ధూళికి కూడా ఇదొక మూలం. మన దేశంలో గాలి నాణ్యతకు 2009లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం నైట్రోజన్ డయాక్సైడ్ ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు మించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన సూచనను 10 మైక్రోగ్రాములకు తగ్గించింది.

సిలిండరులో మంట వేడి తగ్గిస్తే నాక్స్ తగ్గుతుంది. ఎలా తగ్గించాలి? పీల్చే గాలిలో కాలిపోయిన పొగను కొంత కలపాలి. అందులో ఆక్సిజన్ తక్కువ. కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఎక్కువ, అవి వేడిని మింగేస్తాయి. మరిగే ఎసట్లో చెంబెడు చన్నీళ్లు పోసినట్టు మంట నెమ్మదిస్తుంది. పొగను వెనక్కి తిప్పి మళ్లీ పీల్పించే ఈ ఏర్పాటుకే ఈజీఆర్ అని పేరు. పొగ గొట్టం నుంచి గాలి గొట్టానికి ఒక అడ్డదారి, మధ్యలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే ఒక వాల్వు, పొగను చల్లబరిచే ఒక చిన్న కూలరు. చూడటానికి ఇంతే. 1970ల్లో అమెరికాలో పెట్రోలు కార్లకు వచ్చింది, తరువాత డీజిల్ బండ్లకు పాకింది. మన దేశంలో డీజిల్ కార్ల నాక్స్ పరిమితి బీఎస్-3లో కిలోమీటరుకు 0.50 గ్రాములు, బీఎస్-4లో 0.25, 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6లో 0.08. పెద్ద వ్యాన్ల లెక్కలు వేరుగా ఉంటాయి గాని దిగిన మెట్లు అలాంటివే. ఆ మెట్లు దిగడంలో ఈజీఆర్‌ది పెద్ద పాత్ర.

అయితే ఈ వాల్వు ఎప్పుడు ఎక్కువ తెరుచుకుంటుంది? ఇంజను మీద బరువు తక్కువగా ఉన్నప్పుడు. నెమ్మదిగా పోయేటప్పుడు డీజిల్ ఇంజను అవసరానికి మించి గాలి పీలుస్తుంది, కాబట్టి పొగ కలిపినా మంటకు లోటు రాదు. కొన్ని ఇంజన్లలో అలాంటప్పుడు పీల్చేదానిలో మూడో వంతు నుంచి సగం దాకా పొగే ఉంటుంది. అదే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆక్సిజన్ మొత్తం కావాలి కనుక కంప్యూటరు వాల్వును మూసేస్తుంది. ఇప్పుడు మన వ్యాను రూటు గుర్తు చేసుకోండి. పంజా సెంటర్ సందుల్లో పద్నాలుగు స్టాపులు. బండి జీవితమంతా పొగ పీల్చే గేరుల్లోనే గడిచిపోయింది.

ఇక్కడ కాటుక గురించి చెప్పాలి. మా చిన్నప్పుడు ఇంట్లో నానమ్మ కాటుక పట్టేది. ప్రమిదలో ఆముదం పోసి వత్తి వెలిగించి, పైన ఇత్తడి పళ్లెం బోర్లించేది. తెల్లారేసరికి పళ్లెం అడుగున మెత్తటి మసి. దాన్ని గీరి రెండు చుక్కలు ఆముదమో నెయ్యో వేసి మెదిపితే కాటుక. వేడి పొగలోని మసి రేణువులు చల్లటి లోహం వైపుకు నెట్టబడి అంటుకుంటాయి. వేడివైపు వాయు అణువులు గట్టిగా, చల్లవైపు అణువులు మెల్లగా తాకుతాయి కాబట్టి రేణువు చల్లవైపుకే జరుగుతుంది. పొడి మసి చెయ్యి తగిలితే రాలిపోతుంది. నూనె కలిస్తే రాలదు. కంట్లో పెట్టిన కాటుక చెదరకుండా నిలిచేది నూనె వల్లే.

ఇంజనులో మసి ఉంది సరే, నూనె ఎక్కడిది? పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత వాయువు కిందికి, ఇంజన్ ఆయిలు ఉండే గదిలోకి జారుతుంది. అక్కడ ఆయిలు తుంపరలను, ఆవిరిని వెంటబెట్టుకొని బయటికి రావాలని చూస్తుంది. పాత లారీలకు ఒక గొట్టం పెట్టి దాన్ని రోడ్డు మీదికే వదిలేసేవారు. అది కూడా కాలుష్యమే కాబట్టి ఇప్పుడు ఆ ఆవిరిని మళ్లీ గాలి గొట్టంలోకి, టర్బోకు ముందు కలిపేస్తారు. అంటే ఒకవైపు నుంచి నూనె ఆవిరి, ఇంకోవైపు నుంచి మసి, రెండూ ఒకే గొట్టంలో కలుసుకుంటాయి. పాత కార్బురేటరు ఇంజన్లలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల మీదుగా పారుతూ కొంత కడిగేది. డీజిల్‌ను సూటిగా సిలిండరు లోపలికే చిమ్ముతారు కాబట్టి ఈ గొట్టాన్ని కడిగే నాథుడు లేడు.

ఇది చదివి తెలుసుకున్నది. కళ్లతో చూసింది షెడ్డులో. మేస్త్రీ ఇన్‌టేక్ మానిఫోల్డు విప్పి గోనెసంచి మీద పెట్టిన రోజు మేము వెళ్లాం. సిలిండర్లకు గాలి పంచే చేతి వేళ్లలాంటి గొట్టమే మానిఫోల్డు. మూడుచోట్ల వేలు పెట్టి చూడమన్నాడు. ఈజీఆర్ గొట్టంలో వేలు పెడితే పొడి మసి, లాంతరు చిమ్నీకి పట్టినట్టు. ఇంటర్‌కూలరు నుంచి వచ్చే రబ్బరు గొట్టంలో పెడితే మసి లేదు, పల్చటి నూనె జిడ్డు మాత్రమే. రెండూ కలిసే మలుపులో పెడితే వేలు దిగబడింది. తారు. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కల మీద జిడ్డు చూసి ఉంటారు కదా, దానికి పదింతలు. లోపలికి, సిలిండరు హెడ్డు వేడి తగిలే చోటికి పోయేకొద్దీ ఆ తారు ఎండి, పెచ్చులు కట్టి, స్క్రూడ్రైవరు పెట్టినా ఊడనంత గట్టిపడింది. ఏ పుస్తకమూ ఇంత చక్కగా పాఠం చెప్పలేదు. ఆ మూడుచోట్ల నుంచి మూడు సీసాల్లో కొంచెం కొంచెం తీసుకొచ్చి తొమ్మిదో తరగతి పిల్లలకు చూపించాం. ఏ సీసా ఎక్కడిదో కారణంతో చెప్పమంటే వెనక బెంచీ అమ్మాయి ఒకతె మూడూ సరిగ్గా చెప్పింది.

పూత కొంచెమే కదా, దానికే ఇంత బలం తగ్గుతుందా అని కమిటీ సభ్యులొకరు అడిగారు. వృత్త వైశాల్యం లెక్క చూడండి. గొట్టం లోపలి వ్యాసం 40 మిల్లీమీటర్లు అనుకుందాం. చుట్టూ 5 మిల్లీమీటర్ల పూత పట్టితే మిగిలేది 30. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 1600కు 900, అంటే 56 శాతమే. దారి దాదాపు సగానికి పడిపోయింది. పూత 10 మిల్లీమీటర్లయితే మిగిలేది పావు వంతు. గాలి తగ్గితే డీజిల్ సరిగ్గా కాలదు, మసి పెరుగుతుంది, ఆ మసి మళ్లీ ఈజీఆర్ గుండా వచ్చి పూతను పెంచుతుంది. మొదట్లో నెమ్మదిగా, చివర్లో వేగంగా బండి దిగజారడానికి కారణం ఈ చక్రమే.

ఇక మా పొరపాట్లు. డ్రైవర్ పుస్తకం మొదటి పేజీలో మేమే రాసి సంతకం పెట్టిన రూలు ఒకటి ఉంది. "ప్రతి ఉదయం బండి తీసే ముందు పది నిమిషాలు ఇంజను నడిపి ఉంచవలెను." పాత బండ్ల రోజుల్లో విన్న మాట. ఏళ్ల తరబడి రోజూ పది నిమిషాలు ఆ ఇంజను నిలబడి, బరువు లేకుండా, చల్లగా మసి కక్కుకుంది. స్కూలు గేటు ముందు సాయంత్రం ఇంకో పావుగంట. డ్రైవర్ భాయ్‌ని అడిగితే, "సార్, మీరు రాసినట్టే చేశా" అన్నాడు. అతని తప్పు ఇసుమంత లేదు. ఆధునిక డీజిల్ ఇంజనుకు అర నిమిషం చాలు, తరువాత మెల్లగా నడుపుకుంటూ పోతేనే త్వరగా వేడెక్కుతుంది.

రెండోది థర్మోస్టాట్. మూడేళ్ల కింద ఎండాకాలంలో బండి వేడెక్కుతోందని ఒక చోట చూపిస్తే, థర్మోస్టాట్ తీసేస్తే హాయిగా ఉంటుందన్నారు. మేము సరేనన్నాం. మన ప్రాంతంలో ఇది మామూలే. కాని థర్మోస్టాట్ ఉన్నది ఇంజనును చల్లగా ఉంచడానికి కాదు, తగిన వేడికి త్వరగా చేర్చి అక్కడే నిలపడానికి. అది లేకపోతే నీళ్లు ఎప్పుడూ రేడియేటరు గుండానే తిరుగుతాయి. ఆరేడు కిలోమీటర్ల రూటులో ఇంజను పూర్తిగా వేడెక్కకముందే స్కూలు వచ్చేస్తుంది. ఈజీఆర్ కూలరులో తిరిగేది కూడా ఆ నీళ్లే. గోడ ఎంత చల్లగా ఉంటే మసి, కాలని డీజిల్ ఆవిరి అంత ఎక్కువగా అంటుకుంటాయి. నానమ్మ ఇత్తడి పళ్లెమే మళ్లీ. ఇంజను వేడెక్కుతోందంటే రేడియేటరు పూడిందో, ఫ్యాను సరిగా తిరగడం లేదో చూడాలి గాని థర్మోస్టాట్‌ను బలి ఇవ్వకూడదు.

మూడోది ఇంజన్ ఆయిలు. తక్కువైతే ప్రమాదమని డిప్‌స్టిక్కు పై గీత దాటించి పోయించేవాళ్లం. ఎక్కువైన ఆయిలు లోపల ఎక్కువ చిమ్ముకొని గాలి గొట్టంలోకి ఎక్కువ చేరుతుంది.

ఇప్పుడు అసలు వాదన. మానిఫోల్డు చూపిస్తూనే మేస్త్రీ డబ్బాలోంచి ఒక రేకు ముక్క తీశాడు. బొటనవేలంత వెడల్పు, గ్యాస్కెట్ ఆకారంలో కత్తిరించింది. "మాస్టారూ, ఇది ఈజీఆర్ దారికి అడ్డం పెట్టి బిగించేస్తా. గంట పని. దీపం ఆరాలంటే కంప్యూటరులో చిన్న మార్పు చేసే కుర్రాడున్నాడు. మళ్లీ జన్మలో మసి పట్టదు" అన్నాడు. అబద్ధమేమీ చెప్పలేదు. పొగ రాకపోతే మసి రాదు. బండి లాగుడు బాగుంటుంది. నల్ల పొగ కూడా కొంత తగ్గుతుంది. పూర్తిగా విప్పి శుభ్రం చేసే ఖర్చు దీనికి చాలా రెట్లు, పైగా వారానికి పైగా బండి ఉండదు. కమిటీలో ముగ్గురు రేకు వైపే మొగ్గారు. చందాల డబ్బు, ప్రతి రూపాయికీ లెక్క చెప్పాలి అన్నారు. ఆ మాటను మేము తేలిగ్గా తీసుకోలేదు. ఇప్పటికీ తీసుకోం.

కాని రేకు పెడితే ఏం పెరుగుతుంది? నాక్స్. కంటికి కనబడదు, పొగలా ముక్కును హెచ్చరించదు. సాయంత్రం గేటు ముందు వ్యాను ఆగి ఉంటుంది, వెనక గొట్టం ఎత్తు యూకేజీ పిల్లల నడుము దగ్గర. నల్ల పొగ వస్తే తల్లులు కొంగు అడ్డం పెట్టి పిల్లను పక్కకు లాగుతారు. కనబడని వాయువుకు ఎవరు లాగుతారు? నల్ల పొగ కూడా మంచిదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2012లో డీజిల్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. రెంటిలో ఒకటి ఎంచుకోవడం కాదు, రెండూ తగ్గాలంటే ఇంజను కంపెనీ చేసినట్టుగా, శుభ్రంగా ఉండాలి.

పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తుంది కదా, ఇంకేమిటి అన్నారొకరు. నిజమే, వస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. మన దేశంలో డీజిల్ బండికి చేసే పొల్యూషన్ పరీక్షలో ఆక్సిలరేటర్ తొక్కి, వచ్చిన పొగ గుండా వెలుతురు పంపి, అది ఎంత నల్లగా ఉందో కొలుస్తారు. నాక్స్‌ను కొలవరు. రేకు పెట్టిన బండి ఆ పరీక్షలో ఇంకాస్త బాగానే గట్టెక్కుతుంది. మరి 1988 మోటారు వాహనాల చట్టం ఏమంటుంది? కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 52వ సెక్షన్, కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘించిన బండి నడిపితే శిక్ష అని 190వ సెక్షన్ చెబుతున్నాయి. పట్టుకునే యంత్రం లేదు కాబట్టి తప్పు కాదు అని పిల్లలకు చెప్పగలమా?

2015 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారం పేపర్లలో వచ్చింది, చాలామంది మరిచిపోయి ఉంటారు. పరీక్ష జరుగుతోందని గుర్తుపట్టి అప్పుడు మాత్రమే నాక్స్ తగ్గించే సాఫ్ట్‌వేరును ఆ కంపెనీ డీజిల్ కార్లలో పెట్టింది. రోడ్డు మీద ఆ కార్లు పరిమితికి 40 రెట్ల దాకా నాక్స్ వదిలాయని అమెరికా పర్యావరణ సంస్థ ప్రకటించింది. ప్రపంచమంతా కలిపి సుమారు కోటీ పది లక్షల కార్లు. అప్పట్లో మేము ఆ వార్తను తరగతిలో చదివించి, పరీక్షలో కాపీ కొట్టడం గురించి ఉపన్యాసం కూడా ఇచ్చాం. ఇప్పుడు మా ముందు రేకు ముక్క ఉంది. కమిటీలో ఈ సంగతి చెప్పినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి శుభ్రం చేయించడానికే తీర్మానమైంది. ఒక సభ్యులు ఒప్పుకోలేదు, వారి అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాశాం.

శుభ్రం చేసే పద్ధతి వివరంగా చెబుతాం, ఎందుకంటే ఇక్కడే బండ్లు పాడైపోతాయి. ఆటోనగర్‌లో పోత ఇనుప భాగాలను కాస్టిక్ సోడా నీళ్లలో ఉడికించే తొట్లు ఉంటాయి. మన మానిఫోల్డు అల్యూమినియం. అల్యూమినియాన్ని కాస్టిక్ సోడాలో వేస్తే అది కరిగిపోతుంది, హైడ్రోజన్ వాయువు బుసబుసమని వస్తుంది. పదో తరగతి పాఠం. మేము నోరు విప్పకముందే మేస్త్రీ, "ఇది వెండి రంగుది సార్, తొట్లో వెయ్యకూడదు" అన్నాడు. ఆయన రసాయన సమీకరణం చదవలేదు, చేతికి తెలుసు. కిరసనాయిల్లో రెండు రాత్రులు నానబెట్టి, కర్ర చెక్కలతో, బ్రష్షులతో గీకి, చివర సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టారు. కొన్ని బండ్లలో మానిఫోల్డు ప్లాస్టిక్‌ది, దానికి వేడి తగలకూడదు. హెడ్డులోని గాలి దారులు గీకేటప్పుడు ఆ సిలిండరు ఇన్‌టేక్ వాల్వు మూసుకొని ఉండేలా ఇంజను తిప్పి పెట్టుకోవాలి. లేకపోతే గట్టి పెచ్చు ఒక్కటి లోపల పడినా పిస్టన్‌కు, వాల్వుకు ప్రమాదం. మోటారు ఉన్న ఈజీఆర్ వాల్వును ముంచి నానబెట్టకూడదు, పొగ తగిలే భాగం మాత్రమే తుడవాలి. బిగించాక స్కానరుతో దానికి మూసిన, తెరిచిన హద్దులు మళ్లీ నేర్పించాలి. కూలరును ఒత్తిడి పెట్టి పరీక్షించాలి, అది లోపల కారితే రేడియేటరు నీళ్లు ఇంజను లోపలికే పోతాయి. నీళ్లు కారణం లేకుండా తగ్గుతూ, తెల్లటి పొగ వస్తుంటే కూలరును అనుమానించండి. గ్యాస్కెట్లన్నీ కొత్తవి వేయించాం. థర్మోస్టాట్ కొత్తది పెట్టించాం.

ఇంజను నడుస్తుండగా గాలి గొట్టంలో చిమ్మే స్ప్రే డబ్బాలు అమ్ముతారు. పల్చటి పూతకు ఏమో గాని మన బండిలోలాంటి పెచ్చులకు అది పని చేయదు. పెచ్చు విరిగి లోపలికి పోతే ఖర్చు ఇంకా పెరుగుతుంది. అలాగే పీ-0401 కోడు రాగానే కొత్త ఈజీఆర్ వాల్వు కొనమంటే కొనేయకండి. దారి పూడినా అదే కోడు వస్తుంది, గాలి కొలిచే సెన్సరు మురికిపట్టినా రావచ్చు. ముందు విప్పి చూపించమనండి.

బండి తిరిగొచ్చాక లీటరుకు పదిన్నర ఇస్తోంది. ఫ్లైఓవర్ మూడో గేరులో ఎక్కుతోంది. డ్రైవర్ పుస్తకం మొదటి పేజీ కొట్టేసి కొత్తది రాశాం. పొద్దున అర నిమిషానికి మించి నిలబెట్టి నడపవద్దు. గేటు దగ్గర ఇంజను ఆపాలి. శనివారం పిల్లల్ని దింపాక ఇబ్రహీంపట్నం దాకా హైవే మీద ఒకసారి తీసుకెళ్లి రావాలి, చిన్న గేరులో కొంచెం గట్టిగా లాగించాలి. ఇది గట్టిపడిన మసిని ఊడగొట్టదు, ఆ భ్రమ వద్దు. ఇంజను పూర్తిగా వేడెక్కి, లోపలి తేమ, పల్చటి నూనె పోవడానికి మాత్రమే. ఆయిలు రెండు గీతల మధ్య. పద్నాలుగు స్టాపుల్ని తొమ్మిదికి తగ్గించాం. కొందరు పిల్లలు రెండు నిమిషాలు నడవాల్సి వస్తోందని ఇద్దరు తల్లులు కోప్పడ్డారు. వారికి ఈ వ్యాసమే మా జవాబు.

ప్రతి నెలా మొదటి శనివారం డీజిల్, కిలోమీటర్ల లెక్క తొమ్మిదో తరగతి పిల్లలు గ్రాఫు కాగితం మీద గుర్తిస్తున్నారు. గీత కిందికి వంగడం మొదలైతే దీపం వెలిగేదాకా ఆగకుండా అప్పుడే మలుపు గొట్టం ఒక్కటి విప్పించి చూస్తాం. అది నాలుగు బోల్టుల పని. వేసవి సెలవుల్లో ఎలాగూ ఒకసారి విప్పిస్తున్నాం. చూడాలనుకునే పిల్లలు ఆఫీసులో పేరు ఇవ్వండి, పాత బట్టలు వేసుకొని రండి.